గ్రీకు దీవుల మధ్య తెరచాప ప్రయాణం: అపోహలు - వాస్తవాలు

ఏటా వేసవిలో ఏథెన్స్ దగ్గరి లావ్రియో రేవు నుంచి యాత్రికులను తెరచాప పడవలో దీవులకు తీసుకెళ్తాను. ఎక్కేముందు అందరి నోటా దాదాపు ఇవే మాటలు.

అపోహ: ఆకాశం నిర్మలంగా ఉంటే సముద్రమూ ప్రశాంతంగా ఉంటుంది.

వాస్తవం: ఏజియన్ సముద్రంలో ఈ మాట నమ్మితే ప్రమాదం. మన తీరంలో గాలి ముదిరే ముందు మబ్బు కమ్ముతుంది, ఉరుముతుంది. జులై, ఆగస్టుల్లో ఇక్కడ ఉత్తరం నుంచి వీచే మెల్టెమి గాలికి అలాంటి ముందస్తు కబురేమీ ఉండదు. పైన మండే ఎండ, కింద కెరటాల నిండా తెల్లటి నురగ. గ్రీసుకు ఉత్తరాన ఉన్న బాల్కన్ దేశాల మీద అధిక పీడనం, టర్కీ మీద అల్పపీడనం, ఆ రెంటి మధ్య పుట్టే గాలి ఇది. మనకు నైరుతి వానలు తెచ్చే ఆసియా అల్పపీడనమే పడమరగా టర్కీ దాకా సాగుతుంది. అందుకే మనకు వానలు పడే నెలల్లోనే గ్రీకులకు ఈ గాలి. ఒకసారి పట్టిందంటే మూడు రోజులు, ఒక్కోసారి వారం. గాలి బలాన్ని చెప్పే బ్యూఫోర్ట్ కొలతలో ఇది 7కు చేరితే గంటకు 50 నుంచి 61 కిలోమీటర్ల వేగం అన్నమాట. ఇంకా పెరిగితే రేవు అధికారులు పెద్ద ఫెర్రీలను కూడా కదలనివ్వరు.

అపోహ: వారంలో సాంటోరిని, మైకోనోస్ రెండూ చుట్టి రావచ్చు.

వాస్తవం: లావ్రియో నుంచి సాంటోరినికి సుమారు 100 నాటికల్ మైళ్లు, అంటే 185 కిలోమీటర్లు. మా పడవ గంటకు ఐదారు నాటికల్ మైళ్లు నడుస్తుంది. వెళ్లేటప్పుడు గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి హాయిగా ఉంటుంది. తిరుగు ప్రయాణం అదే గాలికి ఎదురు, మొహాన ఉప్పునీళ్లు, పిల్లలకు వాంతులు. వారమే ఉంటే దగ్గరి దీవులు కేయా, కిత్నోస్, సెరిఫోస్ చాలు. మొదటిసారి వచ్చేవాళ్లకైతే ఈజీనా, పోరోస్, హైడ్రా దీవులున్న సరోనిక్ సింధుశాఖ వైపే చెబుతాను. అక్కడ మెల్టెమి జోరు తక్కువ.

అపోహ: డబ్బు కడితే పడవ మన చేతికిస్తారు.

వాస్తవం: నడిపే వ్యక్తికి గుర్తింపు పొందిన సర్టిఫికెట్ ఉండాలి, తోడుగా అనుభవమున్న మరొకరు ఉండాలి. లేదంటే సరంగును పెట్టుకోవాల్సిందే.

అపోహ: నచ్చిన చోట లంగరేసి పడుకోవచ్చు.

వాస్తవం: సాంటోరిని ముందున్న నీళ్లు అగ్నిపర్వతం కుంగిన గొయ్యి. లోతు 300 మీటర్ల పైమాటే, మా గొలుసు ఏ మూలకూ చాలదు. డెలోస్ దీవిలో రాత్రి బస నిషేధం. సరైన చోటు దొరికినా లోతుకు నాలుగైదు రెట్ల గొలుసు వదలాలి. ఆ తర్వాత కూడా నేను వెంటనే పడుకోను. పడవ ముందు భాగానికి వెళ్లి గొలుసు మీద అరచెయ్యి ఆనిస్తాను. లంగరు ఇసుకలో దిగితే గొలుసు నెమ్మదిగా బిగిసి సడలుతుంది. జారుతుంటే గరగరమనే వణుకు చేతికి తెలుస్తుంది. అప్పుడు అర్ధరాత్రయినా సరే, ఇంజన్ వేసి, లంగరెత్తి, మళ్లీ మొదటి నుంచి వేయాలి.