దాడికి వేళయిందని క్రిమికి ఎలా తెలుస్తుంది?

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

రోగం తెచ్చే బ్యాక్టీరియా ఎప్పుడూ విషం కక్కుతూనే ఉంటుందని చాలామంది అనుకుంటారు. అలా చేస్తే దానికే నష్టం. విషం తయారుచెయ్యాలన్నా, మన కణాల్లోకి ప్రొటీన్లను గుచ్చే సూదులు కట్టుకోవాలన్నా ఎంతో శక్తి కావాలి. పైగా తొందరపడితే మన రక్షక కణాల కంట పడుతుంది. కాబట్టి వేళ వచ్చేదాకా ఆగడం దానికి చాలా అవసరం. అదెలా ఆగుతుందో మీకు చెప్పాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నాను.

జన్యువులోని సమాచారం ముందు ఆర్‌ఎన్‌ఏ నకలుగా మారుతుందని, దాన్ని రైబోజోమ్ చదివి ప్రొటీన్ తయారుచేస్తుందని మీరు చదువుకునే ఉంటారు. ఆ రెంటికీ మధ్యలో ఇంకో అదుపు ఉంది. కొన్ని ప్రొటీన్లు నేరుగా ఆర్‌ఎన్‌ఏనే పట్టుకుంటాయి.

వాటిలో నాకు బాగా ఇష్టమైనది సీఎస్‌ఆర్‌ఏ. 1993లో ఈ.కోలై అనే బ్యాక్టీరియాలో దీన్ని గుర్తించారు. ఆర్‌ఎన్‌ఏలో జీ, జీ, ఏ అనే మూడక్షరాలు వరుసగా ఉన్నచోట ఇది అతుక్కుంటుంది. చాలాసార్లు అది సరిగ్గా రైబోజోమ్ వచ్చి కూర్చోవాల్సిన చోటే! ఇక నకలు ఉన్నా ప్రొటీన్ తయారవదు.

మరి దీన్ని వదిలించేదెవరు? సీఎస్‌ఆర్‌బీ అనే ఆర్‌ఎన్‌ఏ. దాన్నుంచి ఏ ప్రొటీనూ తయారుకాదు. ఒంటినిండా ఆ మూడక్షరాలే పెట్టుకుని, ఒక్కటే సుమారు 18 సీఎస్‌ఆర్‌ఏలను తనవైపు లాగేసుకుంటుంది. దాంతో అవతలి నకళ్ళకు విడుదల.

పసిపిల్లలకు విరేచనాలు తెచ్చే ఒక రకం ఈ.కోలైలో 2017లో ఇంకా అద్భుతమైన సంగతి బయటపడింది. మన కణంలోకి గుచ్చాల్సిన ప్రొటీన్లను అంతదాకా సెస్‌టీ అనే మరో ప్రొటీన్ పట్టుకుని ఉంటుంది. క్రిమి పేగు కణాన్ని తాకి వాటిని గుచ్చేశాక సెస్‌టీకి పని ఉండదు. అప్పుడది వెళ్ళి సీఎస్‌ఆర్‌ఏను పట్టుకుంటుంది. క్రిమిలో ఏయే ప్రొటీన్లు తయారవ్వాలో అక్కడినుంచి మారిపోతుంది. కణం దొరికిందన్న కబురు లోపలికి చేరేది ఇలాగన్నమాట!

ఇదంతా చదివి, సీఎస్‌ఆర్‌ఏ ఉంటే క్రిమి ఎప్పుడూ మెత్తబడుతుందని అనుకోకండి. సూడోమోనాస్ అనే మరో బ్యాక్టీరియాలో దీని బంధువు ఆర్‌ఎస్‌ఎమ్‌ఏ ఖాళీగా ఉన్నప్పుడే సూదుల దాడి సాగుతుంది. దాన్ని చిన్న ఆర్‌ఎన్‌ఏలు లాగేసుకుంటే ఆ క్రిములు జిగురు పొర కట్టుకుని ఏళ్ళ తరబడి ఊపిరితిత్తుల్లో పాతుకుపోగలవు.

కలరా క్రిమిలో ఈ పని ఆర్‌ఎన్‌ఏను పట్టుకునే మరో ప్రొటీన్ హెచ్‌ఎఫ్‌క్యూది. ఆరు ముక్కల వలయం అది. క్రిములు కొద్దిగా ఉన్నప్పుడు చిన్న ఆర్‌ఎన్‌ఏలతో కలిసి హ్యాప్‌ఆర్ అనే ప్రొటీన్ తాలూకు నకలును నాశనం చేయిస్తుంది. హ్యాప్‌ఆర్ లేకపోతే విషానికి అడ్డు లేదు. గుంపు పెరిగాక ఆ చిన్న ఆర్‌ఎన్‌ఏల తయారీ ఆగి, హ్యాప్‌ఆర్ వచ్చి, విషం తగ్గుతుంది. మంది పెరిగితే దాడి పెరగాలి కదా అంటారేమో. అప్పటికి ఆ క్రిములు పేగు విడిచి బయటపడే ప్రయత్నంలో ఉంటాయి.

హెచ్‌ఎఫ్‌క్యూ లేని సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఎలుకలకు సరిగ్గా జబ్బు తేలేకపోయింది. అందుకే క్రిమిని చంపకుండా ఈ ప్రొటీన్లనే అడ్డుకునే మందు కోసం ప్రయోగశాలల్లో వెతుకుతున్నారు. అయితే హెచ్‌ఎఫ్‌క్యూ బంధువులు మన కణాల్లోనూ ఉన్నాయి, వాటి జోలికి పోకూడదు. సీఎస్‌ఆర్‌ఏ మాత్రం మనలో లేదు. మందు వెతికేవాళ్ళ చూపు దానిమీద పడడానికి అదొక పెద్ద కారణం.

ఇట్లు,
మీ తాతయ్య