ఆరేలోపు చదునవ్వాలి: చిన్న బొమ్మల మీద తొలి పూత

వేలెడంత బొమ్మకు రంగు వేసేవాళ్లు కళ్లు, కనుబొమల దగ్గరే ఎక్కువ శ్రద్ధ పెడతారు. నా దృష్టిలో బొమ్మ అందం అంతకంటే ముందే, అడుగున వేసే సాదా పూతలోనే తేలిపోతుంది. అందులో బ్రష్ చాళ్లు మిగిలితే పైన ఎంత నగిషీ చేసినా దాగవు. నిర్మల్ కళాకారులు పొనికి కర్రను చెక్కి ఊరుకోరు. రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపిన ముద్దతో ఎగుడుదిగుళ్లు సరిచేశాకే రంగు జోలికి వెళ్తారు.

అక్రిలిక్ రంగు తడిగా ఉన్నప్పుడు నీళ్లలో తేలే ప్లాస్టిక్ రేణువులు, వాటితో పాటు రంగుపొడి. రేణువు సైజు సుమారు మిల్లీమీటరులో 10,000వ వంతు. నీరు ఆవిరయ్యేకొద్దీ రేణువులు ఒత్తుకుని, ఒకదానిలో ఒకటి కలిసి పొర కడతాయి. తుమ్మబంక కలిపిన రంగు ఆరాక కూడా తడి తగిలితే కరుగుతుంది. అక్రిలిక్ పొర కరగదు. అందుకే పలుచని పూత మీద ఇంకో పలుచని పూత ధైర్యంగా వేయొచ్చు.

ఇక చాళ్ల సంగతి. బ్రష్ వెంట్రుకలు గీసిన గట్లను తలతన్యత (ద్రవం పైభాగాన్ని బిగలాగే బలం) చదును చేస్తుంది, రంగు చిక్కదనం అడ్డుపడుతుంది. చాళ్ల మధ్య దూరం సగమైతే చదునయ్యే సమయం 16వ వంతుకు పడిపోతుంది. మెత్తని, సన్నని వెంట్రుకల బ్రష్ విలువ అక్కడుంది. పూత మందం సగమైతే మాత్రం 8 రెట్ల సమయం పడుతుంది. అలాగని దట్టంగా పూస్తే వేళ్ల సందులు, చీర మడతలు పూడిపోతాయి. కాబట్టి పలుచగానే వేయాలి, నీళ్లు కలిపి చిక్కదనం తగ్గించాలి. నీళ్లు మరీ ఎక్కువైతే ఇంకో చిక్కు: తడి చుక్క అంచుల్లో ముందుగా ఆరుతుంది, ఆ లోటు తీర్చడానికి నడిమి నీరు రంగుపొడిని వెంటబెట్టుకుని అంచుకు చేరుతుంది. మరకలా గీత మిగులుతుంది. మడతల్లో రంగు నిలిస్తే వెంటనే పొడి బ్రష్‌తో పీల్చేయాలి.

వరంగల్‌లో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిగాలికి రంగు చదునయ్యేలోపే ఆరిపోతుంది, చాళ్లు అలాగే బిగుసుకుపోతాయి. సగం ఆరిన చోట మళ్లీ బ్రష్ పెడితే పొర చిరుగుతుంది. దాన్ని వదిలేసి, పూర్తిగా ఆరాక రెండో పూత వేయడమే మేలు. ఫ్యాన్ ఆపి, పొద్దున్నే కూర్చోండి. పళ్లెంలో తడిగుడ్డ పరిచి, దానిపైన బేకింగ్ పేపర్ వేసి రంగు కలిపితే కింది తడి పైకి అందుతూ ఉంటుంది, రంగు గడ్డకట్టదు.

ఇంత చేసినా పసుపు సతాయిస్తుంది. చాలా పసుపు రంగుపొడులు కాంతిని తెల్లపొడి చెదరగొట్టినంతగా చెదరగొట్టలేవు, కింది రంగు కనబడుతూనే ఉంటుంది. నల్లటి అడుగు మీద పసుపు పూతలు పెంచుకుంటూ పోయే బదులు, ముందు తెలుపో లేత గోధుమ రంగో వేయండి, ఆపైన రెండు పూతలు దాదాపు సరిపోతాయి.