వెయ్యి కాపీలు వేయించకండి: మొదటి నవల సొంతంగా అచ్చేసుకునేవాళ్ళకి అపోహలు - వాస్తవాలు

మొన్న గాజువాక నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. రిటైర్డ్ టీచరు, మొదటి నవల, రెండు వందల పేజీలు వస్తుందట. "వెయ్యి కాపీలకి ఎంతవుతాదమ్మా?" అన్నదే ఆవిడ మొదటి మాట. విశాఖ డాబాగార్డెన్స్‌లో డీటీపీ, పేజ్ మేకప్, అంటే కంప్యూటర్లో టైపు చేసి పుస్తకానికి పేజీలు కట్టే పని, చేసుకునే నాకు నెలకి నాలుగైదు సార్లు ఇదే ప్రశ్న వస్తుంది, ఆ వెయ్యి ఎక్కణ్ణుంచి వచ్చిందండీ అంటే ఎవరో చెప్పారంటారు, ఆ ఎవరో ఎన్ని అమ్మారో మాత్రం ఎవరికీ తెలీదు. ప్రతిసారీ ఫోన్లో అరగంట చెప్పే బదులు ఇక్కడ రాసేస్తున్నా.

అపోహ: వెయ్యి వేయిస్తే కాపీ చవగ్గా పడుతుంది, వంద వేయిస్తే నష్టం.

ఎక్కువమంది డబ్బు పోయేది ఇక్కడే కాబట్టి దీని గురించే ఎక్కువ రాస్తా. ఆఫ్‌సెట్‌లో, అంటే ప్లేట్లు చేసి పెద్ద మెషీన్ మీద వేసే అచ్చులో, ప్లేట్లు, మెషీన్ సెట్టింగు, మొదట్లో వేస్టయ్యే పేపరు, ఈ ఖర్చు వందకైనా వెయ్యికైనా ఒకటే, అందుకే కాపీలు పెరిగేకొద్దీ రేటు పడిపోతుంది. డిజిటల్‌లో, అంటే ఫైల్ నుంచి నేరుగా వేసే ప్రింటులో, ప్లేట్లే ఉండవు, యాభై వేసినా వంద వేసినా కాపీ రేటు దాదాపు అంతే. ఇంతవరకూ అందరూ చెప్పేది నిజమే. కానీ ఆ చవక అచ్చయిన కాపీ మీద లెక్క, మీ చేతికి డబ్బు వచ్చేది అమ్ముడైన కాపీ మీద. ఉదాహరణకి ఇలా అనుకుందాం, రేట్లు పేపర్ని బట్టి ప్రెస్సుని బట్టి మారతాయి, మీ కొటేషన్ అంకెలు పెట్టుకుని చూసుకోండి. డెమీ 1/8 సైజు (మామూలు నవల సైజు), 200 పేజీలు, ఆఫ్‌సెట్‌లో కాపీ 65 చొప్పున వెయ్యికి 65,000. డిజిటల్‌లో కాపీ 130, వందకి 13,000. ఏడాదిలో 180 అమ్ముడయ్యాయి అనుకోండి. వెయ్యి వేయించినాయనకి అమ్ముడైన ఒక్కో కాపీ 361 రూపాయలు పడింది, ఇంట్లో 820 ఉన్నాయి. వంద చొప్పున రెండుసార్లు వేయించినాయనకి మొత్తం ఖర్చు 26,000, అమ్ముడైన కాపీ 144 పడింది, చేతిలో ఇరవై ఉన్నాయి. 180 అంటే మరీ తక్కువ చెప్పారంటారేమో, నేను పేజీలు కట్టిన మొదటి నవలల్లో అన్ని పోయినవి బాగా పోయినట్టే.

ఇందులో ఒక ఇబ్బంది ఉంది, అదీ చెప్పాలి. అట్ట మీద ధర 200 వేసి షాపుకి 40 శాతం కమిషన్ ఇస్తే మీకు మిగిలేది 120, డిజిటల్ కాపీకి అది నష్టమే. అందుకని మొదటి వంద మీ చేతి మీదుగా పోవాలి, స్నేహితులు, పాత కొలీగ్స్, వాట్సాప్ గ్రూపులు, ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో ఆవిష్కరణ పెట్టుకుంటే ఆ సాయంత్రం కొనేవాళ్ళు. ఆ వంద అయిపోయి ఇంకా అడుగుతుంటే అప్పుడు ఆఫ్‌సెట్‌కి వెళ్ళండి, నేనే దగ్గరుండి ప్లేట్లకి ఫైల్ ఇస్తా.

వెయ్యి అనే అంకె ఎందుకంత గట్టిగా పాతుకుపోయిందంటే పాత పుస్తకాల్లో లోపలి పేజీలో "ప్రతులు: 1000" అని చూసీ చూసీ. అప్పట్లో జిల్లా గ్రంథాలయాలు కొంటాయన్న ఆశ ఉండేది. ఇప్పుడు ఆ కొనుగోలు మీద లెక్క వేసుకుని అప్పు చేయొద్దు.

మా ఇంట్లో జరిగిందే చెప్తా. 2011లో మా నాన్నగారు తన నవల వెయ్యి వేయించారు, పీఎఫ్ డబ్బు కొంత, అప్పు కొంత. మూడేళ్ళయినా ఏడు వందల చిల్లర అలాగే ఉండిపోయాయి, మంచాల కింద అట్టపెట్టెల్లో. 2014 అక్టోబర్ 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను. మాది పైపోర్షను, కిటికీ అద్దాలు పోయాయి, నీళ్ళు గదుల్లోకి కొట్టేశాయి, పెట్టెలు కింద నుంచి నానిపోయాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఊరంతా చెట్లు పడిపోయి ఉన్నాయి, ఆయన మాత్రం డాబా మీద దుప్పటి పరిచి ఒక్కో పుస్తకం విప్పి ఎండలో పెట్టి తిప్పుతూ కూర్చున్నారు. పర్ఫెక్ట్ బైండింగ్ కదా, అంటే కుట్టకుండా గమ్ముతో అతికించేది, తడికి గమ్ము వదిలేసి పేజీలు ఊడి చేతిలోకి వచ్చేసేవి. రెండో నవలకి నోట్సు రాసుకున్న లాంగ్ నోట్‌బుక్కులు రెండు బీరువాలో పొడిగానే ఉన్నాయి. వాటిని మళ్ళీ తీయలేదు. నేను ఎంత చెప్పినా "ఉన్నవి అమ్ముడుపోనీ ముందు" అనేవారు. అందుకే ఎవరైనా వెయ్యి అంటే నేను అంత గట్టిగా వద్దంటాను, కొందరికి కోపం కూడా వస్తుంది, రానీండి.

తుఫాను రాకపోయినా మన విశాఖ గాలి చాలు. అట్టకి బయట వైపే లామినేషన్ చేస్తారు, లోపలి వైపు తేమ పీల్చుకుని అట్ట పైకి లేచిపోతుంది, వర్షాకాలం పోయేసరికి కొత్త పుస్తకం పాతదైపోతుంది. చెదలు సరేసరి.

ఇంకోటి, ఎంత చూసినా మొదటి ముద్రణలో తప్పులు ఉంటాయి. వంద వేస్తే చదివినవాళ్ళు చెప్పినవన్నీ దిద్ది రెండో విడత వేసుకోవచ్చు. వెయ్యి వేస్తే ఆ తప్పులు వెయ్యి.

అపోహ: ఐఎస్‌బీఎన్‌కి ఐదు వేలు కట్టాలి, అది ఉంటేనే కాపీరైట్.

రెండూ తప్పే. ఐఎస్‌బీఎన్ అంటే పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు, అంతే. మన దేశంలో ఐఎస్‌బీఎన్ ఉచితం. కేంద్ర విద్యాశాఖ కింద ఢిల్లీలో రాజా రామ్‌మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఇస్తుంది, రచయిత సొంత పేరు మీద ఆన్‌లైన్లో అప్లై చేసుకోవచ్చు, గుర్తింపు కార్డు, టైటిల్ పేజీ, అట్ట ఇలాంటివి అప్‌లోడ్ చేస్తే సరి. ఒక్కటే, ముందుగా చేయండి, ఆవిష్కరణకి వారం ముందు నన్ను అడిగితే నేనేం చేయలేను. పేపర్‌బ్యాక్‌కి ఒక నంబరు, ఈబుక్‌కి వేరే నంబరు. డబ్బు తీసుకుని అట్ట నుంచి అచ్చు దాకా అన్నీ చేసిపెట్టే ప్యాకేజీ కంపెనీ తమ నంబరు ఇస్తే రికార్డుల్లో పబ్లిషర్ వాళ్ళే అవుతారు, అది తెలిసి ఒప్పుకోండి.

కాపీరైట్ మీరు రాసిన క్షణం నుంచే మీది, 1957 చట్టం ప్రకారం, మీ తర్వాత అరవై ఏళ్ళు వారసులది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి ఏమీ కాదు, కోర్టుకి వెళ్తే సాక్ష్యంగా పనికొస్తుంది, కథ ఎవరైనా కొట్టేస్తారని నిద్ర పట్టనివాళ్ళు చేయించుకోండి, ఆ భయాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. రాతప్రతిని తనకి తానే పోస్టులో పంపుకుని, సాక్ష్యమని కవరు విప్పకుండా దాచుకోవడం మాత్రం దండగ. కథ కొట్టేసేవాడి కన్నా మీరు చదవకుండా సంతకం పెట్టే అగ్రిమెంటే ప్రమాదం. హక్కులు రాసిచ్చే కాగితంలో కాలం రాయకపోతే చట్టం ఐదేళ్ళుగా తీసుకుంటుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. అదే "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని రాసి ఉంటే? ఆ లైను కొట్టించాకే పెన్ను పట్టుకోండి.

అపోహ: ఫోన్లో టైప్ చేసేశాను, ఇక ప్రింటుకి ఇచ్చేయడమే.

మీరు టైప్ చేసేది యూనికోడ్, అంటే ఏ ఫోన్లోనైనా కంప్యూటర్లోనైనా కనిపించే అక్షరాలు. చాలా ప్రెస్సుల్లో ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్, యూనికోడ్ కాని అను ఫాంట్లే. మార్చేటప్పుడు ఒత్తులు పోతాయి, మీ "సాఫ్ట్‌వేర్" కాస్తా "సాఫ్ట్వేర్" అయిపోయి వ కిందకి దిగిపోతుంది, పేజీకి పది ఉంటాయి ఇలాంటివి. కాబట్టి వర్డ్ ఫైల్లో ఎన్నిసార్లు దిద్దినా లెక్కలోకి రాదు, పేజీలు కట్టాక కాగితం మీద ప్రింటు తీసి చదివిందే ప్రూఫు, అదీ మీరు కాకుండా ఇంకొకరు. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి అందాలని డిసెంబర్లో పరిగెత్తుకొచ్చేవాళ్ళు సరిగ్గా ఈ పనే మానేస్తారు, తర్వాత బాధపడతారు. పేజీలు కట్టే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్లో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగు పెట్టుకుంటే యూనికోడ్‌లోనే నేరుగా పేజీలు కట్టొచ్చు, నేను ఇప్పుడు అదే చేస్తున్నా, ఈబుక్‌కి కూడా అదే టెక్స్ట్ వాడుకోవచ్చు.

అట్ట గురించి ఒక్క ముక్క. గూగుల్లో దొరికిన బొమ్మ వాడకండి, దాని హక్కు ఇంకొకరిది, పైగా ప్రింటులో మసకగా వస్తుంది.

పుస్తకం వచ్చాక నెలలోపు కలకత్తా జాతీయ గ్రంథాలయానికి ఒక కాపీ, చెన్నై కన్నెమెరా, ముంబై, ఢిల్లీ లైబ్రరీలకి ఒక్కోటి పంపాలి, 1954 చట్టం. ఇది చాలామందికి తెలీదు, మీ వందలో నాలుగు వీటికి పక్కన పెట్టుకోండి.

గాజువాక టీచరుగారు రెండు రోజులు ఆలోచించి వందకి ఒప్పుకున్నారు. నిన్న ఆఖరి ప్రూఫు చూడ్డానికి వచ్చి లోపలి పేజీ దగ్గర ఆగిపోయారు, "ప్రతులు: 100 అని వేస్తే బాగోదేమోనమ్మా" అన్నారు. ఆ లైను వేయాలని ఏ రూలూ లేదండీ అని చెప్పి తీసేశాను. అక్కడ వాళ్ళాయన పేరు మీద అంకితం ఇంకొంచెం పెద్ద అక్షరాల్లో పట్టింది.