చల్లదనం ఎక్కువైందని అలారం మోగితే

మందుల షాపు ఫ్రిజ్ వేడెక్కిందని అలారం మోగితే అందరికీ టెన్షనే. చల్లదనం మరీ ఎక్కువైందని మోగితే మాత్రం "చల్లగానే ఉందిగా, ఏం పోతుంది?" అని బటన్ నొక్కి ఆపేస్తారు. పోయేది చాలానే ఉంది. ఇన్సులిన్ నిల్వను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఒక్కసారి గడ్డకడితే, కరిగాక మామూలుగా కనిపించినా సరే, దాన్ని వాడకూడదు. హెపటైటిస్-బి టీకా గడ్డకడితే అందులోని అల్యూమినియం లవణం ముద్దకట్టి టీకా పనికిరాకుండా పోతుంది. అరటిపళ్లకు గడ్డకట్టేంత చలి కూడా అక్కర్లేదు, 13 డిగ్రీల కిందికి దిగితే తొక్క నల్లబడుతుంది.

ఈ అలారానికి డిక్సెల్ కంపెనీ కంట్రోలర్లలో (చలిని చూసి కంప్రెసర్‌ను నడిపే, ఆపే పరికరాలు) సాధారణంగా 'ఎల్ఏ' అనీ, కారెల్‌లో 'ఎల్ఓ' అనీ వస్తుంది. గుర్తు ఏదైనా ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: లోపల నిజంగా అంత చలి ఉందా, లేక సెన్సర్ అలా చెబుతోందా? నమ్మకమైన ఇంకో థర్మామీటర్‌ను సెన్సర్ పక్కనే పెట్టి కాసేపు ఆగితే తెలిసిపోతుంది. ఇది చూడకుండా సెట్టింగుల జోలికి వెళ్లకూడదు.

కంట్రోలర్‌కు చలి తెలియదు. సెన్సర్, దాని వైరు కలిపి చూపే రెసిస్టెన్స్ (కరెంటుకు అడ్డు) ఎంతో మాత్రమే తెలుసు. ఎక్కువగా వాడే ఎన్‌టీసీ సెన్సర్‌కు 25 డిగ్రీల దగ్గర 10,000 ఓమ్‌లు ఉంటాయి. చలి పెరిగేకొద్దీ ఆ అంకె కూడా పెరుగుతుంది: 5 డిగ్రీల దగ్గర సుమారు 22,000, సున్నా దగ్గర సుమారు 27,000. ఇప్పుడు సెన్సర్ వైరుకు ఎక్కడో చేత్తో మెలిపెట్టిన జాయింట్ ఉందనుకుందాం. తేమకు అది చిలుము పట్టి అదనంగా 5,000 ఓమ్‌లు చేరితే చాలు, లోపల 5 డిగ్రీలే ఉన్నా కంట్రోలర్ సున్నా అనుకుంటుంది. అలారం మోగుతుంది, కంప్రెసర్ ఆగిపోతుంది.

అసలు ప్రమాదం ఆ తర్వాతే. కంప్రెసర్ ఆగింది కాబట్టి ఫ్రిజ్ వేడెక్కుతుంది. లోపల నిజంగా 9, 10 డిగ్రీలకు చేరేసరికి డిస్‌ప్లే మీద 4 కనిపిస్తుంది. అలారం తనంతట తనే ఆగిపోతుంది. అంతా బాగైందనుకుంటారు, లోపల ఇన్సులిన్ మాత్రం వెచ్చబడుతూ ఉంటుంది. అందుకే తనకు తానుగా ఆగిపోయిన ఎల్ఏ అలారాన్ని నేను అస్సలు నమ్మను. సెన్సర్ లోపలికి నీళ్లు దిగితే దీనికి రివర్స్‌లో జరుగుతుంది: రెసిస్టెన్స్ తగ్గి, వేడిగా ఉందని కంప్రెసర్ ఆగకుండా నడుస్తుంది. అలారం లేకుండానే సరుకు గడ్డకడుతుంది.

థర్మామీటర్ కూడా చలి నిజమేనంటే, డిస్‌ప్లే మీది కంప్రెసర్ లైటు చూడాలి. లైటు ఆరిపోయినా కంప్రెసర్ నడుస్తుంటే, దానికి కరెంటు ఇచ్చే స్విచ్ అయిన రిలేగానీ కాంటాక్టర్‌గానీ అతుక్కుపోయిందన్నమాట. మోటారు స్టార్టయ్యేటప్పుడు లాగే భారీ కరెంటుకు నిప్పురవ్వలు లేచి, కాంటాక్టులు వెల్డ్ అవుతాయి. తట్టితే ఊడివస్తాయి, కానీ మళ్లీ అతుక్కుంటాయి. మార్చడమే దారి. లైటు వెలుగుతూనే ఉంటే ఎవరో సెట్‌పాయింట్ (ఫ్రిజ్ ఎన్ని డిగ్రీల దగ్గర ఉండాలో పెట్టే అంకె) మార్చి ఉండాలి, లేదా ఆగకుండా నడిపే మోడ్ ఆన్ అయి ఉండాలి.

కొన్నిసార్లు యంత్రంలో లోపమే ఉండదు. అలారం హద్దును సెట్‌పాయింట్ నుంచి లెక్కపెట్టాలా, నేరుగా డిగ్రీల్లో తీసుకోవాలా అన్నది ఒక సెట్టింగు. సెట్‌పాయింట్ 4, హద్దు 3 అనుకుంటే, మొదటి పద్ధతిలో 1 డిగ్రీ దగ్గర మోగాలి. రెండో పద్ధతిలో 3 దగ్గరే మోగుతుంది. కంప్రెసర్ ఆగాక కూడా చలి కొంచెం దిగడం మామూలే కనుక రోజూ మోగుతూనే ఉంటుంది.

సెన్సర్ మీద అనుమానముంటే, గ్లాసు నిండా నలగ్గొట్టిన ఐసు వేసి, కాసిని నీళ్లు పోసి, సెన్సర్‌ను అందులో ముంచాలి. కాసేపటికి డిస్‌ప్లే సున్నా దగ్గరకు రావాలి. చాలా తక్కువ చూపిస్తుంటే కొందరు మెకానిక్‌లు ఆఫ్‌సెట్ సెట్టింగుతో ఆ తేడాను సరిచేసి వెళ్లిపోతారు. చిలుము అక్కడితో ఆగదు, వచ్చే నెలకు తేడా ఇంకోలా ఉంటుంది. జాయింట్ కత్తిరించి, సోల్డర్ చేసి, తేమ తగలకుండా స్లీవ్ వేయించాలి. లేదా కొత్త సెన్సర్ పెట్టించాలి.