మేవెదర్‌ని ఎక్కడ నిలబెట్టాలి? డిఫెన్స్ బాక్సర్ల మీద అపోహలు – వాస్తవాలు

బాక్సింగ్ నేర్పే ఎవరికైనా తప్పని ప్రశ్న ఒకటుంది: "సార్, అందరిలోకీ గొప్ప బాక్సర్ ఫ్లాయిడ్ మేవెదరే కదా?" సమాధానం చెప్పేలోపే పక్క కుర్రాడు అందుకుంటాడు: "పారిపోతూ గెలిచాడు, అదేం ఫైటింగ్!" ఇద్దరూ చూస్తున్నది 50-0 (50 విజయాలు, ఓటములు సున్నా) అనే ఒక్క రికార్డునే. నా దృష్టిలో డిఫెన్స్ మీద బతికిన బాక్సర్‌ని కొలిచేటప్పుడు రికార్డు అన్నిటికన్నా చివర చూడాలి. దెబ్బ తప్పించుకున్నాక ఏం చేశాడు, ఎవరి మీద చేశాడు, ఆ ఎదుటివాడు అప్పటికి ఎంత ఫామ్‌లో ఉన్నాడు అన్నవే ముందు చూడాలి. మేవెదర్‌ని తక్కువ చేసేవాళ్లూ, నెత్తిన పెట్టుకునేవాళ్లూ ఈ పని చేయరు. అందుకే తరచూ వినే కొన్ని అపోహల గురించి రాస్తున్నాను.

అపోహ: తప్పించుకోవడమే తప్ప అతను కొట్టడు

2015 మే 2న లాస్ వేగాస్‌లో మానీ పాకియావ్‌తో జరిగిన బౌట్ చూసి చాలామంది విసుక్కున్నారు. పాకియావ్ వెంటపడుతున్నాడు, మేవెదర్ వెనక్కి జరుగుతున్నాడు, కాబట్టి పాకియావే కొడుతున్నాడని కంటికి అనిపిస్తుంది. పంచ్‌లు లెక్కపెట్టే కంప్యూబాక్స్ అంకెలు చూడండి. మేవెదర్ విసిరినవి 435, తగిలినవి 148. పాకియావ్ విసిరినవి 429, తగిలినవి 81. పంచ్‌ల వర్షం కురిపిస్తాడని పేరున్న మనిషి కంటే, పారిపోయాడని తిట్లు తిన్న మనిషే ఎక్కువ విసిరాడు. రౌండ్ గెలిస్తే 10, ఓడితే మామూలుగా 9 పాయింట్ల లెక్కన జడ్జిలు మేవెదర్‌కి 118-110, 116-112, 116-112 ఇచ్చారంటే ఆశ్చర్యం లేదు.

ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో రౌండ్‌ని నాలుగు విషయాలు చూసి స్కోర్ చేస్తారు: శుభ్రంగా తగిలిన పంచ్‌లు, ఫలితమిచ్చే దూకుడు, రింగ్ మీద పట్టు, డిఫెన్స్. ముందుకు నడిచినంత మాత్రాన పాయింట్లు రావు. ముందుకొచ్చి గాలిలో కొడితే దాన్ని ఫలితమిచ్చే దూకుడు అనరు.

మేవెదర్ డిఫెన్స్‌కి పేరు తెచ్చిన షోల్డర్ రోల్‌ని దగ్గర నుంచి చూస్తే అది దాక్కునే పద్ధతి కాదని అర్థమవుతుంది. ఎడమ భుజం పైకి లేపి, గడ్డాన్ని దాని వెనక పెడతారు. ఎడమ చెయ్యి పొట్టకి అడ్డంగా కిందకి ఉంటుంది. కుడి చెయ్యి చెంప పక్కన, అరచేయి తెరిచి, జాబ్‌ని (ముందు చేత్తో వేసే సూటి పంచ్) పట్టడానికీ హుక్‌ని (పక్క నుంచి వంపుగా వచ్చే పంచ్) ఆపడానికీ సిద్ధంగా ఉంటుంది. ఎదుటివాడు కుడి చేత్తో స్ట్రెయిట్ (సూటి పంచ్) వేశాడనుకోండి. నడుము కొద్దిగా కుడికి తిరుగుతుంది, బరువు వెనక కాలి మీదకి వెళుతుంది, పంచ్ ఆ భుజం మీద నుంచి వాలు రేకు మీద వాన జారినట్టు జారిపోతుంది. అసలు పని అప్పుడు మొదలవుతుంది. నడుము తిరిగి, బరువు వెనక కాలి మీద ఉందంటే కుడి చెయ్యి పంచ్‌కి సిద్ధమైపోయినట్టే. ఎదుటివాడి చెయ్యి ఇంకా వెనక్కి రాలేదు, ముఖానికి అడ్డు లేదు. తిరిగిన నడుమును తిరిగి ఎడమకి తిప్పితే చాలు, కౌంటర్ (ఎదురు పంచ్) వెళ్లి తగులుతుంది. తప్పించుకోవడం, చెయ్యి లోడ్ చేయడం రెండూ ఒకే కదలిక. తండ్రి ఫ్లాయిడ్ సీనియర్ 1978లో షుగర్ రే లెనార్డ్‌తో తలపడిన బాక్సర్, బాబాయి రోజర్ రెండు వెయిట్లలో వరల్డ్ ఛాంపియన్. ఈ టెక్నిక్ అతనికి ఇంట్లోనే చిన్నప్పటి నుంచి ఒంటికి పట్టింది.

అపోహ: షోల్డర్ రోల్ ఉంటే ఎవరినైనా ఆపొచ్చు

ఇది మా కుర్రాళ్లలో ఎక్కువ. నాలుగు వీడియోలు చూసి, స్పారింగ్‌లో (ప్రాక్టీస్ బౌట్లలో) ఎడమ చెయ్యి కిందకి వేలాడేసి నిలబడతారు. పైన చెప్పిన రోల్ అంతా ఎదుటివాడు ఆర్థడాక్స్ (ఎడమ చెయ్యి, ఎడమ కాలు ముందు పెట్టి నిలబడేవాడు) అయితేనే బాగా పనిచేస్తుంది. సౌత్‌పా (కుడి చెయ్యి, కుడి కాలు ముందు పెట్టేవాడు) అయితే అతని బలమైన చెయ్యి ఎడమది, అది మన కుడివైపుకి, అంటే భుజం అడ్డు లేని వైపుకి వస్తుంది. 2006 ఏప్రిల్‌లో సౌత్‌పా జబ్ జూడా మొదటి నాలుగు రౌండ్లు మేవెదర్‌ని బాగానే ఇబ్బంది పెట్టాడు. ఆ తర్వాతే మేవెదర్ దూరం సరిచేసుకుని బౌట్‌ని చేతిలోకి తెచ్చుకున్నాడు. పాకియావ్ కూడా సౌత్‌పానే. అందుకే ఆ బౌట్‌లో మేవెదర్ రోల్ మీద ఆధారపడలేదు. లీడ్‌గా కుడి స్ట్రెయిట్, జాబ్, పక్కకి అడుగు, దగ్గరకొస్తే క్లించ్ (ఎదుటివాడిని పట్టేసుకోవడం): ఇవే వాడాడు. అతని గొప్పతనం స్టాన్స్‌లో (నిలబడే తీరులో) కంటే ఈ మార్చుకోవడంలో ఉంది.

2014 మేలో మార్కోస్ మైదానా తాళ్ల మీదకి నెట్టి, కుడి చేత్తో పైనుంచి బాదుతూ 858 పంచ్‌లు విసిరాడు. ఒక జడ్జి 114-114 ఇచ్చాడంటే ఆ రాత్రి ఎంత టెన్షన్‌గా నడిచిందో ఊహించుకోండి. సెప్టెంబర్ రీమ్యాచ్‌లో మేవెదర్ తాళ్ల దగ్గర ఆగడం తగ్గించాడు. జడ్జిల స్కోరు కార్డులు మూడూ అతని వైపే వచ్చాయి.

అపోహ: పంచ్‌లో పవర్ లేదు

2007 డిసెంబర్‌లో రికీ హాటన్‌ని పదో రౌండ్‌లో పడగొట్టాక ఆడిన 11 బౌట్లలో రెండే రెండు నిర్ణీత రౌండ్ల కంటే ముందు ముగిశాయి. ఈ మాట అక్కడి నుంచే పుట్టింది. కానీ 59 కిలోల సూపర్ ఫెదర్‌వెయిట్‌లో ఉన్నప్పటి మేవెదర్ వేరే మనిషి. 2001 జనవరిలో అప్పటిదాకా ఓటమి ఎరగని డియెగో కొరాలెస్‌ని ఐదుసార్లు కింద పడేశాడు, పదో రౌండ్‌లో కొరాలెస్ కార్నరే (అతని సొంత బృందమే) బౌట్ ఆపించింది. అతని కెరీర్‌లో అత్యుత్తమ ప్రదర్శన నాకైతే అదే. వెయిట్ పెరిగేకొద్దీ ఎదుటివాళ్లు పెద్దవాళ్లయ్యారు, అతని చేతులకి గాయాలు వెంటాడాయి. దానికి తగ్గట్టు ఆట మార్చుకున్నాడు.

అపోహ: విల్లీ పెప్ ఒక రౌండ్‌ని పంచ్ వెయ్యకుండానే గెలిచాడు

డిఫెన్స్ గురించి ఎక్కడ మాట వచ్చినా ఈ కథ వస్తుంది. 1946లో మినియాపొలిస్‌లో జాకీ గ్రేవ్స్ మీద మూడో రౌండ్‌లో ఆనాటి ఫెదర్‌వెయిట్ ఛాంపియన్ పెప్ ఒక్క పంచ్ కూడా విసరకుండా జడ్జిలను మెప్పించాడట. ఆనాటి పేపర్ల రిపోర్టుల్లో ఆ రౌండ్‌లో పెప్ పంచ్‌లు వేసినట్టే ఉంది. ఈ కథ వల్ల నష్టం ఏమిటంటే, డిఫెన్స్ అంటే కొట్టకపోవడం అనే ఆలోచన దీనితో బలపడింది. పెప్ అసలు చరిత్రకి ఈ అలంకారం అక్కర్లేదు. 229 విజయాలు, 11 ఓటములు, ఒక డ్రా. 1947 జనవరిలో విమాన ప్రమాదంలో కాలు, వెన్ను విరిగితే ఆ జూన్‌లోనే మళ్లీ రింగ్ ఎక్కాడు. శాండీ సాడ్లర్‌తో నాలుగుసార్లు తలపడి మూడుసార్లు ఓడాడు. అయినా ఆల్‌టైమ్ జాబితాల్లో పెప్‌ని చాలామంది మేవెదర్ కంటే పైనే పెడతారు, నేనూ అంతే.

అపోహ: 50-0 కాబట్టి నంబర్ వన్

ఇక్కడ కాస్త ఆగాలి. ఓటమి లేని రికార్డు ఎంత సన్నని దారం మీద నిలబడుతుందో మేవెదర్ కెరీర్‌లోనే కనిపిస్తుంది. 1996 అట్లాంటా ఒలింపిక్స్ సెమీఫైనల్లో బల్గేరియాకి చెందిన సెరఫిమ్ టోడొరోవ్ చేతిలో 10-9తో ఓడాడు. అప్పట్లో ఐదుగురు జడ్జిల్లో ముగ్గురు ఒక సెకనులోపు బటన్ నొక్కితేనే పాయింట్. ఆ ఫలితం మీద అమెరికా జట్టు గట్టిగా అభ్యంతరం చెప్పింది. అది అమెచ్యూర్ బౌట్ కాబట్టి ప్రొఫెషనల్ రికార్డులోకి రాదు. 2002 ఏప్రిల్‌లో హోసే లూయిస్ కాస్టియో మీద జడ్జిలు 115-111, 115-111, 116-111తో మేవెదర్‌ని గెలిపించారు. కాస్టియోనే గెలిచాడని నమ్మేవాళ్లు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. ఒకచోట దురదృష్టం, ఇంకోచోట అదృష్టం. రికార్డులో ఓటముల దగ్గర మిగిలింది మాత్రం సున్నా.

దీనికి ఎదురుగా పెర్నెల్ విటేకర్‌ని పెట్టండి. వర్జీనియాలోని నార్ఫోక్ కుర్రాడు, 1984 ఒలింపిక్ స్వర్ణం, నాలుగు వెయిట్లలో వరల్డ్ టైటిళ్లు. 1988లో పారిస్ శివారులో హోసే లూయిస్ రామిరెజ్ మీద గెలిచినంత పని చేసినా స్ప్లిట్ డెసిషన్‌లో (ఇద్దరు జడ్జిలు ఒకవైపు, ఒకరు మరోవైపు) ఓటమి రాశారు. మరుసటి ఏడాది అదే రామిరెజ్‌ని ఏకగ్రీవంగా ఓడించాడు. 1993 సెప్టెంబర్‌లో శాన్ ఆంటోనియోలో, అప్పటికి 87-0తో ఉన్న హూలియో సీజర్ చావెజ్‌కి పంచ్ తగిలించే దారే ఇవ్వలేదు. ఒక జడ్జి 115-113తో విటేకర్‌కి ఇచ్చాడు, మిగతా ఇద్దరు 115-115 అన్నారు. డ్రా. చావెజ్ సున్నా అలా మిగిలింది. విటేకర్ కెరీర్ ముగిసేసరికి 40 విజయాలు, 4 ఓటములు, ఒక డ్రా. కాగితం చూస్తే మేవెదర్ పక్కన చిన్నగా కనిపిస్తాడు. టేప్ చూస్తే అలా కనిపించడు.

ఇంకో విషయం. షుగర్ రే రాబిన్సన్ 1943 ఫిబ్రవరి 5న తనకంటే ఆరేడు కిలోలు బరువైన జేక్ లమోటా చేతిలో తొలిసారి ఓడి, మూడు వారాల్లో అతన్నే ఓడించాడు. అలా తలపడితే ఓటములు వస్తాయి. ఆ ఓటమిని రాబిన్సన్ ఖాతాలో తప్పుగా రాసుకునే బాక్సింగ్ మనిషిని నేను చూడలేదు. మరోవైపు మేవెదర్ 50వ విజయం 2017లో కానర్ మెక్‌గ్రెగర్ మీద వచ్చింది. మెక్‌గ్రెగర్‌కి అది తొలి ప్రొఫెషనల్ బాక్సింగ్ బౌట్. ఆ ఒక్క విజయానికీ కొరాలెస్ మీద విజయానికీ ఒకే విలువ ఇచ్చే లెక్కను నేను ఒప్పుకోను.

అపోహ: అందరూ ముసలివాళ్లు, ఏరుకున్న బౌట్లు

ఇందులో సగం నిజం ఉంది. 2010లో మేవెదర్ ఓడించేనాటికి షేన్ మోస్లీకి 38 ఏళ్లు. పాకియావ్‌తో బౌట్ గురించి 2009 చివరి నుంచే చర్చ నడిచినా అది జరిగేసరికి పాకియావ్‌కి 36 దాటాయి, మధ్యలో హువాన్ మాన్యువల్ మార్కెజ్ అనే బాక్సర్ చేతిలో నాకౌట్ కూడా అయ్యాడు. 2013లో 23 ఏళ్ల కనెలో అల్వారెజ్‌ని 154 పౌండ్ల టైటిల్ కోసం 152కి దింపారు. ఇవన్నీ లెక్కలోకి రావాలి.

మిగతా సగం తప్పు. 21 ఏళ్లకే హెనారో హెర్నాండెజ్ అనే ఛాంపియన్‌ని ఎనిమిది రౌండ్ల తర్వాత కుర్చీలోంచి లేవనివ్వకుండా ఓడించాడు. కాస్టియోతో వివాదం లేచిన ఏడాదే, డిసెంబర్‌లో, మళ్లీ అతనితోనే రింగ్ ఎక్కి గెలిచాడు. బరువు తగ్గించినా కనెలోనే ఇద్దరిలో పెద్దవాడు, అతనికి రింగ్‌లో పాఠం చెప్పాడు.

ఇవన్నీ కలిపి నన్ను అడిగితే, డిఫెన్స్ మాస్టర్లలో పెప్, విటేకర్, ఆ తర్వాత మేవెదర్. మొత్తం చరిత్రలో మొదటి పాతికమందిలో అతనికి చోటు ఖాయం. మొదటి పదిమందిలో పెట్టాలంటే మాత్రం 147 పౌండ్ల వెయిట్‌లో ఆంటోనియో మార్గరీటో, పాల్ విలియమ్స్ లాంటివాళ్లు మంచి ఫామ్‌లో ఉన్నప్పుడు వాళ్లతో తలపడి ఉండాలి, పాకియావ్‌ని 2015లో కాకుండా 2010లో ఓడించి ఉండాలి.