కర్నూలు–చిత్తూరు రోడ్డు: కడప దాకా ఒక లెక్క, కడప దాటితే ఇంకో లెక్క

కర్నూలులో బయల్దేరి ఓర్వకల్లు, పాణ్యం, నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడప చేరేదాకా డ్రైవర్‌కు పెద్దగా పని ఉండదు. నాలుగు వరుసల రోడ్డు, మధ్యలో డివైడర్. కడప దాటి రాయచోటి దారి పట్టాక మాత్రం కథ మారిపోతుంది. పాలకొండల్లో గువ్వలచెరువు ఘాట్, రెండే వరుసలు, లోడుతో మూలుగుతూ ఎక్కే లారీ, దాని వెనకాల ఓవర్‌టేక్ చేయలేక వరుసకట్టిన బండ్లు.

రెండూ ఒకే జాతీయ రహదారి. ఇప్పుడు దాని నంబరు 40. 2010లో దేశమంతా నంబర్లు మార్చకముందు అది 18, కర్నూలు నుంచి చిత్తూరు దాకా 369 కిలోమీటర్లు. కొత్త నంబరుతో తమిళనాడులోని రాణిపేట వరకు పోయింది. ఒకే రోడ్డులో ఇంత తేడా ఏమిటంటే నిధులు, అడవి, కొండ అని జవాబు వస్తుంది. అవి నిజమే గానీ, ఈ తేడా రెండు వందల ఏళ్ల కిందటి నుంచే ఉంది.

నిజానికి ఇది ఒకే దారిగా పుట్టలేదు. 1800లో నిజాం దత్తమండలాలను, అంటే ఇప్పటి రాయలసీమలో చాలా భాగాన్ని, ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేసినప్పుడు కడపకు కలెక్టర్ పాలన వచ్చింది. కర్నూలు మాత్రం కప్పం కడుతూ నవాబు కిందే ఉండిపోయింది. 1839లో నవాబు గులాం రసూల్ ఖాన్‌ను గద్దె దించాక గానీ అది కంపెనీ చేతికి రాలేదు. అంతకుముందు, 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన, ‘కాశీయాత్ర చరిత్ర’ రాసిన ఏనుగుల వీరాస్వామయ్య తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా వెళ్లాడు. అహోబిలం, శ్రీశైలం అప్పుడు కందనూరు (అంటే కర్నూలు) నవాబు ఏలుబడిలోవి. యాత్రికుల దగ్గర సుంకం గుంజేవాళ్లు. చాగలమర్రి టోల్‌గేట్ దగ్గర ఫాస్టాగ్ పట్టక విసుక్కునేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన సంగతి: ఈ సీమలో దారి వసూళ్లకు పెద్ద చరిత్రే ఉంది.

వీరాస్వామయ్య కడపకు వచ్చింది గువ్వలచెరువు మీదుగా కాదు, కోడూరు, నందలూరు వైపు నుంచి. మద్రాసు నుంచి ఎవరు వచ్చినా అదే దారి. చెయ్యేరు పారే లోయ పట్టుకుంటే కొండెక్కే పనే లేదు. తర్వాత రైలూ ఆ పక్కనుంచే వచ్చింది. 1871 నాటికి మద్రాసు–రాయచూరు లైను రేణిగుంట, రాజంపేట, కడప, గుత్తి మీదుగా పూర్తయింది. దాంతో సరుకంతా అటే పోయింది, గువ్వలచెరువు దారి స్థానికుల బండ్లకే మిగిలింది.

ఉత్తరం వైపు, అంటే కర్నూలు–కడప దారికి అండగా నిలిచింది కేసీ కెనాల్ (కర్నూలు–కడప కాలువ). 1863లో మొదలైన ఆ కాలువను తవ్వింది ప్రభుత్వం కాదు, మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ప్రైవేటు సంస్థ. తుంగభద్ర మీద సుంకేసుల నుంచి కడప దాకా సుమారు 300 కిలోమీటర్లు. నీళ్లు అమ్ముకోవడంతో పాటు పడవల మీద సరుకు రవాణా చేసి డబ్బు రాబట్టాలన్నది వాళ్ల ఆలోచన. గిట్టుబాటు కాలేదు, 1882లో ప్రభుత్వమే కొనేసింది. పడవలు ఎప్పుడో పోయాయి. అయితే కాలువ కింద వరి, పసుపు పండాయి. నంద్యాల, మైదుకూరు లాంటి ఊళ్లలో వ్యాపారం పెరిగింది, దాని వెంట లారీలొచ్చాయి. ఆళ్లగడ్డలో రోడ్డు పక్కనే ఉలి చప్పుడు వినిపిస్తుంది. సగం చెక్కిన విగ్రహాలు దుమ్ము కొట్టుకుని వరుసగా నిలబడి ఉంటాయి.

1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయ్యాక చిత్తూరు జిల్లా వాళ్లకు ఈ రోడ్డుతో పని పడింది గానీ, అది మూడేళ్ల ముచ్చటే.

అసలు మలుపు 2010లో వచ్చింది. జాతీయ రహదారుల అభివృద్ధి కార్యక్రమం మూడో దశలో కడప–మైదుకూరు–కర్నూలు మధ్య దాదాపు 189 కిలోమీటర్లు బీఓటీ పద్ధతిలో నాలుగు వరుసలకు ఎంపికైంది. అంటే కంపెనీ రోడ్డేసి, టోల్ వసూలు చేసుకుని, గడువు తీరాక ప్రభుత్వానికి అప్పగిస్తుంది. ఈ పద్ధతికి కావాల్సింది ట్రాఫిక్, తక్కువ ఖర్చుతో అయ్యే చదును నేల. కాలువ పక్కన ఆ రెండూ ఉన్నాయి, కొండ మీద రెండోది లేదు. కేసీ కెనాల్‌తో పడవల కంపెనీ వేసిన లెక్కే ఇక్కడా నడిచింది.

ఇప్పుడు గువ్వలచెరువు పాత గువ్వలచెరువు కాదు. బెంగళూరు పెరిగాక అక్కడికి పోయే కడప బస్సులూ కార్లూ చాలావరకు రాయచోటి, మదనపల్లె దారి పట్టి ఈ ఘాట్ ఎక్కుతున్నాయి. రాయచోటి ఎత్తులో ఉంటుంది, కడప పల్లంలో. అందుకే కడప వైపు దిగే లారీకే గండం ఎక్కువ. కిందికి వచ్చేసరికి బ్రేకులు కాలిన వాసన కారులో కూర్చున్నవాళ్లకూ తగులుతుంది. 2024 ఆగస్టులో ఇక్కడ కంటైనర్ లారీ, కారు ఢీకొని ఐదుగురు చనిపోయారు. అది మొదటి ప్రమాదం కాదు, చివరిదీ కాలేదు.

ఘాట్ తప్పించడానికి సొరంగం తవ్వాలన్న ప్రతిపాదన ఉంది. మలుపులు వెడల్పు చేస్తే చాలదా అనేవాళ్లూ ఉన్నారు. లోడు లారీకి సమస్య వెడల్పుతో కాదు, వాలుతో. కాబట్టి సొరంగమే మేలని నాకనిపిస్తుంది. దాన్ని టోల్ రాబడి లెక్కన తూచితే మాత్రం ఎన్నటికీ తేలదు, సర్కారు సొమ్ము పెట్టాల్సిందే. ఇక గువ్వలచెరువులో రోడ్డుకు అటూ ఇటూ పాలకోవా అమ్ముకునే కొట్లున్నాయి. ఆగే బండ్లే వాళ్లకు బేరం. కొత్త దారి ఊరికి ఎంత దూరం నుంచి పోతుందో అలైన్‌మెంట్ గీసేటప్పుడే వాళ్లను పిలిచి చెప్పడం న్యాయం.