తేనెటీగకు 99 శాతం గ్రహణం చాలదు

ఒక పాఠకుడు అడిగారు: "మా దగ్గర సూర్యుడు 99 శాతం మూసుకుపోయాడు. పక్షులు గూళ్ళకు పోతాయని విని కాచుకు కూర్చున్నాను. ఏమీ జరగలేదు. ఇవన్నీ కట్టుకథలేనా?"

కట్టుకథలు కావండీ. మీరు ఒక్క శాతం ఇవతల ఆగిపోయారు, అంతే. అసలు సంగతంతా ఆ ఒక్క శాతంలోనే ఉంది.

నడినెత్తి ఎండ సుమారు లక్ష లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం). 99 శాతం పోయినా ఇంకా వెయ్యి మిగులుతుంది. లైట్లన్నీ వేసిన ఆఫీసు గదిలో ఉండేది ఐదొందలే! పైగా వెలుతురు ఎంత తగ్గిందన్నది కంటికి అంతగా పట్టదు, ఎన్ని రెట్లు తగ్గిందన్నదే పడుతుంది. అందుకని మెట్లు ఊహించుకోండి. ఒక్కో మెట్టు దిగితే వెలుతురు పదో వంతు. లక్ష నుంచి పదివేలకు, అంటే మొదటి మెట్టు దిగడానికి, గంటకు పైనే పడుతుంది. అక్కణ్ణుంచి వెయ్యికి ఐదారు నిమిషాలు. వెయ్యి నుంచి వందకు సుమారు ఒక నిమిషం. ఆపైన మెట్లు లెక్కపెట్టే టైమ్ కూడా ఉండదు, నేరుగా కిందపడతాం. చంద్రుడేమీ స్పీడు పెంచడు. నిమిషానికి కప్పే ముక్క దాదాపు అంతే, మిగిలిన ముక్కే చిక్కిపోతూ వస్తుంది. సగం సూర్యుడు ఉన్నప్పుడు ఒక శాతం పోతే ఎవరికీ తెలియదు. రెండు శాతమే ఉన్నప్పుడు ఒక శాతం పోతే ఉన్నదాంట్లో సగం పోయినట్టు! మామూలు సాయంత్రం ఇదే దిగుడు తాపీగా సాగుతుంది.

2017 ఆగస్టు 21న అమెరికాలో జీవశాస్త్రవేత్త కాండేస్ గేలెన్ బృందం బడిపిల్లల సాయంతో 16 చోట్ల పూల దగ్గర చిన్న మైకులు వేలాడదీసింది. పాక్షిక గ్రహణం సాగినంతసేపూ తేనెటీగల ఝుంకారం వినబడుతూనే ఉంది. సూర్యుడు పూర్తిగా మూసుకోగానే ఆగిపోయింది. ఆ చీకట్లో అన్ని మైకులకూ కలిపి చిక్కింది ఒకే ఒక్క ఝుంకారం. ఆ చీకటికి కాస్త ముందూ వెనకా మాత్రం ఒక్కో ఝుంకారం సాగదీసినట్టు ఉంది. వెలుతురు చాలక నెమ్మదిగా ఎగిరి ఉంటాయి.

చల్లబడటం వల్ల ఆగాయేమో అని అడగొచ్చు. దానికి జవాబు సాలీళ్ళ దగ్గర ఉంది. 1991 జులై 11న మెక్సికోలో సంపూర్ణ గ్రహణం వేళ చీకటి పడగానే సాలీళ్ళు తమ గూళ్ళు విప్పేసుకోవడం మొదలుపెట్టాయి. పరిశోధకులు కొన్నిటి దగ్గర దీపాలు వెలిగించి ఉంచారు. వాటిలో చాలావాటికి చీమ కుట్టినట్టైనా లేదు. గాలీ చలీ అందరికీ ఒకటే, తేడా దీపం ఒక్కటే. ఇంత చవకైన, ఇంత చక్కటి ప్రయోగాలు అరుదు.

జంతువులకు కీడు ముందే తెలుస్తుందనే వాళ్ళు 2017లో సౌత్ కరోలినా జూలో జిరాఫీలు పరుగెత్తిన సంగతి చెబుతారు. వాటి ముందు కేరింతలు కొట్టే జనం సంగతి చెప్పరు. బెదిరింది గ్రహణానికో, మనకో! అదే జూలో గెలాపగోస్ తాబేళ్ళు జతకట్టాయి. అదేం కీడో మరి.

మీరే పరీక్షించాలంటే గ్రహణం వేళ కూడా చూసుకోండి. 2026 ఆగస్టు 12 నాటిది స్పెయిన్‌లో పొద్దుగూకే ముందు పడుతుంది. పక్షులు గూటికి చేరితే అది గ్రహణం వల్లో, సాయంత్రం వల్లో తేల్చలేం. 2027 ఆగస్టు 2న ఈజిప్టులోని లక్సర్‌లో మాత్రం మిట్టమధ్యాహ్నం వేళ ఆరు నిమిషాలకు పైగా చీకటి. పది నిమిషాల ముందే ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి, ఏ పూలచెట్టు కిందో పెట్టేయండి.